పేరు పిలిచే రోజు

ఎల్మ్ ఫాల్స్, విస్కాన్సిన్
నవంబరు 9, 2004

మామయ్యా,

ఫోన్ చేస్తే "ఆఁ? ఏంటీ?" అని మూడుసార్లు అడుగుతావు. నాలుగోసారి "సరేలే, ఒళ్లు జాగ్రత్త" అని పెట్టేస్తావు. నేను చెప్పింది నీకు వినపడదు, నీకు వినపడిందేమిటో నాకు తెలియదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. నలభై దాటాక పట్టుబట్టి మన హ్మాంగ్ అక్షరాలు నేర్చుకున్నావు కదా, వాటినిప్పుడు కాస్త వాడు.

రెండు సంగతులున్నాయి. నాకు ఏప్రిల్ చివర్లో పురుడు. అమ్మ ఇప్పటినుంచే ఇంటిల్లిపాదినీ సతాయిస్తోంది. నేను కుర్చీ జరిపినా తప్పే, చేతులెత్తి బట్టలారేసినా తప్పే. మీ అల్లుడు పాపం వంట నేర్చుకుంటున్నాడు. నిన్న గిన్నెడు అన్నం మాడ్చాడు.

రెండోది పెద్ద సంగతి. మా నగర సభ మే పద్నాలుగును హ్మాంగ్ మాజీ సైనికుల దినంగా ప్రకటించబోతోంది. ఊళ్లో ప్రతివాడూ "మీవాళ్లు ఇక్కడికెందుకు వచ్చారు?" అని అడిగేవాడే. లావోస్ కొండల్లో అమెరికా కోసం పోరాడి వచ్చారని ఒక్క కాగితంలోనైనా ఉండాలి కదా. నేను అక్కడే గుమాస్తాని కాబట్టి కాగితాల పనంతా నా మీదే పడింది. మీ గుట్ట మీది దళంలో వాళ్ల కుటుంబాలు సగం ఈ ఊళ్లోనే ఉన్నాయి. వాళ్ల పేర్లు రాసి పంపు. కాగితంలో రెండు గళ్లున్నాయి, జీవించి ఉన్నవారు, మరణించినవారు. ఆ రోజు సభలో అందరి పేర్లూ అక్షరక్రమంలో మైకులో చదివి, గంట కొట్టి, ఒక నిమిషం మౌనం పాటిస్తాం. అధ్యక్షురాలు హాల్వర్సన్ గారు తనే చదువుతానంది.

నువ్వూ రావాలి. చలికి భయపడి కాలిఫోర్నియా పారిపోయినవాడివి, మే నెలలో ఇక్కడ మంచుండదులే.

నీ మేనకోడలు
గావ్ నూ


ఫ్రెస్నో, కాలిఫోర్నియా
డిసెంబరు 1, 2004

గావ్ నూ తల్లికి మామయ్య రాసేది.

కడుపుతో ఉన్నదానివి, చల్లనీళ్లు తాగకు. మీ అమ్మ చెప్పినట్టు విను. అది చిన్నప్పుడు నన్ను కూడా అలాగే సతాయించేది, చూడు, యాభై అయిదేళ్లొచ్చినా బతికే ఉన్నాను. అల్లుడికి చెప్పు, అన్నం పొయ్యి మీద పెట్టాక టీవీ చూడకూడదని.

ఇక నీ రోజు సంగతి. రోజెందుకే మనకి? ఈ దేశం వాళ్లకు అమ్మల రోజుంది, నాన్నల రోజుంది, మొన్న సంతలో ఎవరో గుమ్మడికాయ రోజన్నారు. మనది కూడా ఒకటి వాటి మధ్య ఇరికిస్తారా? నాకు గుర్తుండడానికి కాలెండర్ అక్కర్లేదు. పైగా మే పద్నాలుగే దొరికిందా మీకు? స్ట్రాబెర్రీలు మంచి కాపు మీద ఉండే రోజులు. నాకు రావడం కుదరదు.

నువ్వడిగావు కాబట్టి పేర్లు పంపుతున్నాను, అంతే. వెనక కాగితంలో ఉన్నాయి. మన ఊరివాళ్లం, లాంగ్ చెంగ్ విమానాల మైదానం పైనున్న గుట్ట మీద కాపలా దళం. ఆరుగురు పోయారు, నాతో కలిపి ఐదుగురు ఉన్నాం. పోయినవాళ్లలో యియా లూ ఎడమచేత్తో కాల్చేవాడని రాయి. నావ్ కేర్ మెర్సెడ్‌లో ఉన్నాడు. ఒకప్పుడు వెదురు వాయిద్యం వాయిస్తే ఆడపిల్లలు పొలం పని మానేసి వినేవాళ్లు, ఇప్పుడు ఊదడానికి పళ్లే లేవు. అది రాయకు.

కానీ ఒకటి చెవిన వేసుకో. చచ్చిపోయినవాణ్ణి పేరు పెట్టి పిలిస్తే వాడు వస్తాడు. ఈ సంగతి మీ ఆఫీసులో ఎవరూ చెప్పి ఉండరు. కొత్త సంవత్సరానికి మీ అమ్మ చెంచాతో అన్నం, కోడిముక్క పెట్టి తాతను, ముత్తాతను పేరు పేరునా పిలవడం చూడలేదా? పిలిచామంటే అన్నం పెట్టాలి. ఆ కొండల నుంచి, వీసా లేకుండా, సముద్రం దాటి వచ్చినవాళ్లకు ఒక నిమిషం మౌనం పెడతారా? మౌనం తింటారా వాళ్లు? తినకుండా వెనక్కి పోతే ఆ కోపం ఎవరి మీద తీరుతుందో తెలుసా? పిలిపించినదాని మీద. నువ్వు కడుపుతో ఉన్నావు.

ఇంకోటి. బతికినవాళ్లనీ పోయినవాళ్లనీ కలిపి అక్షరక్రమం అంటూ చదవకండి. నా పేరు యియా లూ పేరు పక్కన చదివారంటే, నా ఆత్మకు కూడా నాలాగే చెవుడు కదా, పొరపాటున వాడి వెంట వెళ్లిపోతుంది. విడివిడిగా చదవండి. ఆ హాల్వర్సన్ గారి నాలుకకు మన పేర్లు తిరగవు, పోయినవాళ్లు అది తమ పేరని గుర్తు కూడా పట్టరు.

మామయ్య


ఎల్మ్ ఫాల్స్
జనవరి 20, 2005

మామయ్యా,

తప్పయిపోయింది. నీ ఉత్తరం చదివి నేను చేసిన మొదటి పని చల్లనీళ్ల గ్లాసు పక్కన పెట్టడం, రెండోది హాల్వర్సన్ గారి గదికి పరిగెత్తడం. పరిగెత్తానని అమ్మకు చెప్పకు.

సభా మందిరంలో కొత్త తివాచీ వేశారు, అందుకని అక్కడ మంచినీళ్లు తప్ప ఏదీ పట్టుకెళ్లకూడదు. అన్నం పెట్టాలంటే ఒక దరఖాస్తు నింపాలి. "ఆహారం ఎవరికి?" అని ఉంది. అతిథులకు అని రాశాను. "ఎంతమంది?" అన్ని దళాలవాళ్లూ కలిపి, మరణించినవారి గడిలో ఉన్నవాళ్లు ముప్పై ఎనిమిది మంది, అదే రాశాను. హాల్వర్సన్ గారు కళ్లజోడు తీసి, "వాళ్లు కుర్చీల్లో కూర్చుంటారా గావ్ నూ? కూర్చునేట్టయితే అగ్నిమాపకం వాళ్ల అనుమతి కూడా కావాలి" అంది. వేళాకోళమేమోనని చూశాను. కాదు మామయ్యా, నిజంగానే అడిగింది. నిలబడే తింటారని చెప్పాను. సంతకం పెట్టేసింది. వాళ్ల అమ్మమ్మ నార్వే నుంచి వచ్చిందట, క్రిస్మస్ రాత్రి బల్ల మీద అన్నం తీయకుండా ఉంచేదట. ఎవరికోసమో పెద్దయ్యాక గాని తెలియలేదంది.

బతికున్నవాళ్లని వేరుగా చదువుతాం. నీ ఆత్మ భద్రం.

ఇంకొకటి అడగాలి. నిన్న నువ్వు పంపిన పేర్లు అమ్మకు చదివి వినిపించాను. నిమ్మగడ్డి తరుగుతోంది. ఒక్కో పేరుకీ "ఆఁ, వాడు" అంటూ ఏదో ఒకటి చెప్తోంది. పదకొండు అయ్యాక "తర్వాత?" అంది. అంతేనమ్మా అన్నాను.

"గుట్ట మీద పన్నెండు మంది" అంది.

"మామయ్య పదకొండే రాశాడు."

అమ్మ లేచి, కడిగేసిన బియ్యాన్నే మళ్లీ కడిగింది. కాసేపయ్యాక, "చిన్నోడి పేరు లేదు. మామయ్యని అడుగు" అంది. ఎన్నిసార్లడిగినా అదే మాట.

ఎవరు మామయ్యా ఆ చిన్నోడు?

నీ గావ్ నూ


ఫ్రెస్నో
ఫిబ్రవరి 2, 2005

గావ్ నూకి,

నేను పంపినవి పదకొండు పేర్లు. ఆ పదకొండే టైపు చెయ్యి. మీ అమ్మకు వయసు మీద పడింది, లెక్క తప్పుతుంది.

ఇక్కడ కలుపు తీసే పని ఎక్కువగా ఉంది. ఉత్తరాలు రాయడానికి తీరిక ఉండదు.

చోంగ్ నెంగ్ మువా


ఎల్మ్ ఫాల్స్
ఫిబ్రవరి 16, 2005

మామయ్యా,

నీ ఉత్తరంలో ముందు సంతకమే కనపడింది. "మామయ్య" అని లేదు. బ్యాంకువాళ్లకు పెట్టే సంతకం నాకు పెట్టావు. ఆఫీసులో భోజనాల గదిలో కూర్చుని ఏడ్చాను. అది కడుపుతో ఉండడం వల్ల అనుకున్నారు అందరూ, నేనూ అలాగే చెప్పాను. కాదు, నీ వల్లే.

అమ్మకు లెక్క తప్పదు. అది నీకూ తెలుసు. నీ ఉత్తరం చూపించాను. చదవడం రాదు కదా, సంతకం మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత చెప్పింది. "నీకు ఇంకో మేనమామ ఉన్నాడే. ఫెంగ్. పద్నాలుగేళ్లు. విమానం ఎక్కలేదు." అంతే. మిగతాది చెప్పమంటే, "అది మీ మామయ్యది. అడక్కుండా తీసుకుని నీకివ్వడానికి నాకు హక్కు లేదు" అంది.

ఇరవైతొమ్మిదేళ్లు వచ్చాయి నాకు. ఇంకో మేనమామ ఉన్నాడని ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు అర్థమవుతోంది, కొత్త సంవత్సరంనాడు అమ్మ పెద్దల్ని పిలిచేటప్పుడు చివర్లో కాసేపు నోరు తెరిచి ఊరుకుంటుంది. దగ్గు వచ్చిందేమో అనుకునేదాన్ని.

థాయిలాండ్ శరణార్థి శిబిరం నుంచి కొత్తగా వచ్చిన కుటుంబాలు మా ఊళ్లో నాలుగున్నాయి. పోయిన ఆదివారం నాలుగిళ్లకూ వెళ్లి అడిగాను. ఫెంగ్ మువా అనే పేరున్నవాళ్లు ఇద్దరు తెలుసన్నారు, ఇద్దరూ ఆ వయసువాళ్లు కారు. ఒక ముసలమ్మ, "మీ కాలిఫోర్నియా మామ కూడా ఇలాగే మా తమ్ముణ్ణి అడిగాడమ్మా, శాక్రమెంటో విమానాశ్రయంలో నిలబడి" అంది. నువ్వు విమానాశ్రయాలకు వెళ్లి అడుగుతున్నావా మామయ్యా? ఎన్నాళ్లనుంచి?

నీకు కోపం వస్తుందని తెలిసే అడుగుతున్నాను. కొడుకు పుడితే ఫెంగ్ అని పెట్టుకోనా? ఇంట్లో ఆ పేరు మళ్లీ వినపడుతుంది.

మార్చి ఎనిమిదిన సభలో ఓటు. ఆలోపు పేర్లు ఇచ్చేయాలి.

నువ్వెలా సంతకం పెట్టినా, నీ మేనకోడలినే
గావ్ నూ


ఫ్రెస్నో
మార్చి 1, 2005

తల్లీ,

నిన్ను ఏడిపించినందుకు నన్ను నేను నాలుగు తిట్టుకున్నాను. నీ వంతు నువ్వూ తిట్టు.

ముందు ఇది చెప్పనీ. ఆ పేరు నీ బిడ్డకు పెట్టకు. దానికి సొంతదారు ఉన్నాడు, ఇంకా వాడుకుంటున్నాడేమో. మన దగ్గర నుంచి వాడు తీసుకెళ్లింది ఆ పేరొక్కటే.

ఫెంగ్ నా తమ్ముడు. మా అందరిలోకీ ఆఖరివాడు. వాడి పేరు నీ కాగితంలో చూస్తే వెంటనే తెలిసిపోతుంది, మా అందరివీ రెండేసి మాటలు, వాడిది ఒక్కటే. నేను పుట్టినప్పుడు ఒట్టి నెంగ్‌నే. పెళ్లయి పిల్ల పుట్టాక మీ అత్త పుట్టింటివాళ్లు కోడిని కోసి, ముందు చోంగ్ తగిలించి, పెద్దపేరు చేశారు. వాడికి అది పెట్టేందుకు అత్తమామలే లేరు. పదమూడేళ్లకు సైన్యంలో చేరాడు. వీరత్వం అనుకోకు. సైనికులకు ఆకాశంలోంచి బియ్యం బస్తాలు పడేవి. వాడికి ఎప్పుడూ ఆకలే. తన వాటా తిని, నా వంక చూస్తూ కూర్చునేవాడు. నేను సగం ఇచ్చేదాకా ఆ చూపు తిప్పేవాడు కాదు.

ఆ రోజు పొద్దున గుట్ట మీంచి చూస్తే మైదానమంతా జనం. రాజధాని కమ్యూనిస్టుల చేతికి పోతోంది, అమెరికావాళ్లు వెళ్లిపోతున్నారు, పెద్ద అధికార్లను విమానాల్లో ఎక్కిస్తున్నారని కబురు. మా వాళ్లు ఒకరొకరే పెళ్లాంబిడ్డల కోసం కిందికి దిగిపోయారు. దళానికి నాయకుణ్ణి నేను. రేడియో దగ్గర ఎవరో ఒకరు ఉండాలి. నా మాట జవదాటనివాడు వాడొక్కడే. "నేను కిందికెళ్లి అక్కను చూసొస్తాను. నేను పిలిచేదాకా ఇక్కడ్నించి కదలకు" అన్నాను. "అన్నం తెస్తావా?" అన్నాడు. తెస్తానన్నాను.

కింద ఆ తొక్కిసలాటలో మీ అమ్మ పడిపోయింది. కడుపులో నువ్వు ఉన్నావు. దాన్ని లేపి పట్టుకున్నాను. వెనకనుంచి జనం తోశారు. విమానం నేను ఎక్కానో, నన్ను ఎక్కించారో ఇప్పటికీ తెలియదు. తలుపు మూసేశారు. దిగుతానని అరిచాను. మీ అమ్మను థాయిలాండ్‌లో దించేసి మళ్లీ తర్వాతి విమానంలో వెనక్కి వస్తా అనుకున్నాను. వెనక్కి వెళ్లే విమానం లేదు.

ఇది విని నువ్వు నీ వల్ల అనుకోకూడదు. అలా అనుకుంటావనే ఇన్నేళ్లూ నేనూ మీ అమ్మా చెప్పలేదు. నిన్ను వదిలేసి ఉంటే నన్ను ఇంత వెక్కిరించేవాళ్లు ఎవరుండేవాళ్లు?

ముప్పై ఏళ్లయింది. వాణ్ణి నేను పిలవలేదు. నేను వచ్చిపడ్డ చోటినుంచి పిలిచినా వాడికి వినపడేది కాదు, అది వేరే. తర్వాతైనా పిలవలేదు. కొత్త సంవత్సరానికి మా నాన్న పేరు, తాత పేరు పిలిచి అన్నం పెడతాను, వాడి దగ్గర ఆగిపోతాను. వాడు బతికుంటే, పోయినవాళ్లతో కలిపి పిలిస్తే నా నోటితో నేనే వాణ్ణి చంపినట్టు. వాడు పోయి ఉంటే, ముప్పై ఏళ్లుగా అన్నం లేకుండా ఆ గుట్ట మీదే కూర్చున్నాడు, నేను పిలిచేదాకా కదలొద్దన్నాను కాబట్టి. ఏది నిజమైనా తప్పు నాదే. అందుకే విమానాశ్రయాలకు వెళ్లేది. ఎవరో ఒకరు వాడు ఫలానా చోట ఉన్నాడనో, ఫలానా చోట పూడ్చామనో చెప్తే, ఏం చేయాలో నాకు తెలుస్తుందని.

నీ కాగితంలో రెండు గళ్లున్నాయన్నావు. చెప్పు, వాడి పేరు ఏ గడిలో రాయను?

మామయ్య


ఎల్మ్ ఫాల్స్
మార్చి 12, 2005

మామయ్యా,

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. నువ్వు వద్దనలేదు, నేను అడగలేదు. మొత్తం విని, "చెప్పేశాడా? అమ్మయ్య" అంది. కళ్లు తుడుచుకుని, "వాడు నన్ను పట్టుకున్న చేతికి నా గాజు గుచ్చుకుని రక్తం కారింది. అది కూడా రాశాడా?" అని అడిగింది. రాయలేదన్నాను. "రాయడు" అంది.

తర్వాత నీ ప్రశ్న అడిగాను. ఏ గడి? అమ్మ నన్ను మొద్దుని చూసినట్టు చూసింది.

"పొలం నుంచి సాయంత్రానికి అందరూ వచ్చి ఒకడు రాకపోతే ఏం చేసేవాళ్లం?"

"నాకేం తెలుసమ్మా, నేను శిబిరంలో పుట్టాను."

"వాడి వాటా అరిటాకులో కట్టి పొయ్యి పక్కన పెట్టేవాళ్లం. చచ్చిపోయాడని పెట్టేవాళ్లమా? వస్తాడనే పెట్టేవాళ్లం. పోయినవాళ్లకు చెంచాతో పెడతాం, రావలసినవాడికి ఆకులో కడతాం. ఇంత చదువుకున్నారు, ఈ మాత్రం తెలియదా మీ ఇద్దరికీ?"

ముప్పై ఏళ్లుగా ఎందుకు కట్టలేదని అడిగాను. "మీ మామయ్య ముందు కడితే వాడు తట్టుకోలేడని" అంది. మీ అక్కాతమ్ముళ్లు ఒకర్నొకరు కాపాడుకోవడానికి ఎంత అవస్థ పడ్డారో చూడు.

హాల్వర్సన్ గారినీ అడిగాను. ఈ దేశంలో చనిపోయాడని కాగితం లేనివాడు కాగితం మీద బతికున్నట్టేనంది. పన్నెండో పేరు జీవించి ఉన్నవారి గడిలో టైపు చేశాను. ఫెంగ్ మువా. మిగతా పేర్ల కింద పొట్టిగా ఉంది.

ఎనిమిదో తేదీన తీర్మానం నెగ్గింది. ఒకాయన లేచి, "వీళ్లు మన సైన్యంలో లేరు కదా" అన్నాడు. హాల్వర్సన్ గారు, "లేరు, మన యుద్ధంలో ఉన్నారు" అంది. ఇంకొకాయన ఈ ఒక్క ఏడాదికి చేద్దాం, తర్వాత చూద్దాం అన్నాడు. నేను గుమాస్తాని, సభలో మాట్లాడకూడదు. అయినా లేచి, పొట్ట పట్టుకుని నిలబడి, "ప్రతి సంవత్సరం అని రాసి ఉంది, దాన్ని కొట్టేయొద్దు" అన్నాను. నా అవతారం చూసి ఎవరూ ఎదురు చెప్పలేదు. మాకు తొమ్మిది ఓట్లు, వ్యతిరేకంగా రెండు.

ఇప్పుడు నా వంతు అడగడం. నువ్వొచ్చి ఆ పేరు నువ్వే పిలువు మామయ్యా. పిలుస్తానని చెప్పింది నువ్వు. హాల్వర్సన్ గారు పిలిస్తే వాడెందుకు కదులుతాడు?

నేను అక్కడ ఉండను. అప్పటికి బాలింతను, ముప్పై రోజులూ గడప దాటనివ్వదు అమ్మ. కాబట్టి నా బదులుగా కూడా రావాలి.

గావ్ నూ


ఫ్రెస్నో
ఏప్రిల్ 3, 2005

గావ్ నూ తల్లికి,

రానని మూడు ఉత్తరాలు రాసి మూడూ చింపాను. మీ అత్త చూసి, "కాగితం పాడుచేసింది చాలు, పెట్టె సర్దుకో" అంది. స్ట్రాబెర్రీలు తనూ పెద్దాడూ కోస్తారట.

మే పదకొండు బుధవారం దిగుతాను. బాలింత కోడికూరలో వేసే ఆకులు మా తోటవే తెస్తాను, ఆ చలిదేశంలో పెరిగినవాటికి వాసనే ఉండదు. మీ అమ్మతో చెప్పు, గాజు సంగతి నాకు గుర్తుందని. మచ్చ ఇంకా ఉంది.

పోయినవాళ్లను కూడా నేనే పిలుస్తాను. బతికినవాళ్లను ఆవిడ చదువుకోవచ్చు, మేం ఎలాగూ అక్కడే ఉంటాం.

వాడి పేరు దగ్గరికొచ్చాక నా గొంతు పెగలకపోతే ఏం చేయాలో మాత్రం నాకు తెలియదు.

మామయ్య


ఫ్రెస్నో
మే 20, 2005

గావ్ నూ తల్లీ,

నీ ఇంట్లో నాలుగు రోజులు ఉండి నీతో నాలుగు మాటలు మాట్లాడలేకపోయాను. ఇల్లంతా చుట్టాలు. నాకు చెవుడు కాబట్టి రహస్యం కూడా అరిచి చెప్పాలి. చంటిది లేస్తుందని మీ అమ్మ నా నోరు మూయిస్తూనే ఉంది. అందుకే ఇంటికొచ్చి రాస్తున్నాను. పిల్ల బాగుంది. ముక్కు మా వైపుది. ఆడపిల్ల పుట్టి పేరు గొడవ తీర్చేసింది, తెలివైనది.

మందిరంలో పొడుగు బల్ల వేసి, కొత్త తివాచీ మీద మెతుకు పడకుండా చుట్టూ కాగితాలు పరిచారు. ముప్పై ఎనిమిది చెంచాలు. బల్ల పక్కనే మీ అమ్మ కూర్చుంది, దాని పక్కన ఒక ఖాళీ కుర్చీ, కుర్చీలో అరిటాకు పొట్లం. ఎవరో అబ్బాయి కూర్చోబోతే, "అది మా తమ్ముడిది" అని లేపేసింది.

ముందు పోయినవాళ్లను పిలిచాను. రండి, తినండి, మీ అందరికీ ఉంది, తిన్నాక మీ చోటికి మీరు వెళ్లండి, ఈ ఊళ్లో చలి ఎక్కువ, ఉండిపోకండి అని చెప్పాను. యియా లూని పిలిచినప్పుడు అతని కూతురు వెక్కి వెక్కి ఏడ్చింది. వాళ్లు తిన్నాక హాల్వర్సన్ గారు బతికినవాళ్ల పేర్లు చదివింది. నన్ను ఏదో చైనా హోటలు పేరులా పిలిచింది. నావ్ కేర్‌ని పిలిస్తే ముగ్గురు లేచారు. ముసలాళ్లందరం నవ్వుకున్నాం. అయినా ఆవిడ తప్పు చదివిన ప్రతిసారీ ఆగి, "క్షమించండి, మళ్లీ" అని చదివింది. అలా మా పేర్ల కోసం మళ్లీ ప్రయత్నించినవాళ్లు నాకు ఈ దేశంలో ఎక్కువమంది తగల్లేదు.

ఆఖరి పేరు దగ్గర ఆవిడ మైకు వదిలి పక్కకు జరిగింది. నేను లేచాను. మెల్లగా పిలుద్దాం, గొంతు పెగిలినంత చాలు అనుకున్నాను. నాకు చెవుడు కదా, ఎంత గట్టిగా పిలిచానో నాకు తెలియదు. బయట కార్ల దగ్గర ఉన్నవాళ్లు కూడా ఉలిక్కిపడి చూశారని తర్వాత చెప్పారు.

"ఫెంగ్! ఒరేయ్ ఫెంగ్! దిగి రారా! అందరూ దిగిపోయారు, ఇంక కాపలా అక్కర్లేదు. నేనే, నెంగ్ అన్నని, పిలుస్తున్నాను. అన్నం ఉంది, రారా!"

చోంగ్ నెంగ్ అంటే వాడికి నేనెవరో తెలియదు కదా. నా చిన్నపేరే చెప్పాను. ముప్పై ఏళ్లలో నన్ను నేను అలా పిలుచుకోలేదు.

ఎవరూ పలకలేదు. పలుకుతారని నేనూ అనుకోలేదు. అయినా ఎందుకో తలుపు వంకే చూశాను, హాలంతా అటే చూసింది. హాల్వర్సన్ గారి చేతిలో హాజరు కాగితం ఉంది. ఏం రాయాలో తెలియక కలం పట్టుకుని నిలబడింది. ఇరవై ఆరేళ్లుగా ఈ దేశంలో ఉండి, దుకాణంలో కూడా ఇంగ్లీషు మాట్లాడని మీ అమ్మ లేచి ఇంగ్లీషులో చెప్పింది. "చాలా దూరం కదా, వస్తున్నాడు." ఆవిడ అదే రాసింది, నేను చూశాను.

పొట్లం మీ అమ్మ నాకిచ్చింది. విమానాశ్రయంలో ఒకతను పెట్టె తెరిచి, "ఏమిటిది?" అన్నాడు. అన్నమన్నాను. "మీదేనా?" అన్నాడు. మా తమ్ముడిది అన్నాను. వెళ్లనిచ్చాడు.

రానివాడి వాటా మర్నాడు ఇంట్లోవాళ్లే తినాలి, పారేయకూడదు. ఇంటికొచ్చి గట్టు మీద కూర్చుని విప్పాను. అన్నం గట్టిపడిపోయింది. ఎప్పుడూ వాడే నాది తినేవాడు, వాడిది నేను తినడం ఇదే మొదటిసారి. తింటూ ఏడ్చాను. మీ అత్త దూరంనుంచి చూసి దగ్గరికి రాకుండా వెళ్లిపోయింది. ఆ రాత్రి తెల్లవారేదాకా నిద్రపోయాను. ఇంతకాలం ఎప్పుడు కళ్లు మూసినా ఆ గుట్ట కనపడేది.

మొదటి ఉత్తరంలో రోజెందుకే మనకి అని రాశాను. దాన్ని చింపేయి. ఆ తీర్మానంలో "ప్రతి సంవత్సరం" అని ఉందన్నావు కదా, దాన్ని ఎవరు కొట్టేయమన్నా ఒప్పుకోకు. నేను ఒక్కసారి పిలిస్తే వాడికి వినపడిందో లేదో ఎలా తెలుస్తుంది? ప్రతి ఏడూ అదే రోజు, అదే చోట పిలుస్తున్నామంటే ఎక్కడున్నా ఎవరో ఒకరు వాడి చెవిన వేస్తారు. ఎప్పుడు బయల్దేరాలో వాడు చూసుకుంటాడు.

వచ్చే ఏడాదికి టికెట్ ఇప్పుడే కొనమని పెద్దాడికి చెప్పాను. మీ అమ్మతో చెప్పు, ఈసారి ఆకు కాస్త పెద్దది తీసుకోమని. వాడు బాగా తింటాడు.

మామయ్య